సఫూరా ముంగురులు

జికర్‌లో కూర్చున్నప్పుడు సఫూరా పెదవులు అందరితోపాటు దేవుడి పేరు పలికేవి. చెయ్యి మాత్రం నుదుటి దగ్గరే తిరుగుతుండేది.

దుపట్టా అంచు కింద ఏ వెంట్రుకైనా పైకి లేచిందేమోనని వేళ్ళు తడిమేవి. లేచిందనిపిస్తే అదిమేవి. మళ్ళీ కాసేపటికి తడిమేవి. కళ్ళు మూసుకుని ఉన్నా సఫూరాకు తన చెయ్యి చేస్తున్న పని తెలుస్తూనే ఉండేది. ఆపలేకపోయేది.

హైదరాబాదు పాతబస్తీలో, మసీదు వెనక గల్లీలో జులేఖా బీ ఇల్లు. ఆమె తండ్రి సూఫీ గురువు. ఆయన పోయాక ఆడవాళ్ళకు ఆ దారి చూపించే పని ఆమెకు వచ్చింది. గురువారం మధ్యాహ్నాలు ఆ ఇంటి ముందుగదిలో పదిమంది ఆడవాళ్ళు చేరి జికర్ చేసేవారు. అందరూ ఆమెను అమ్మాజాన్ అనేవారు. ఉపదేశాలు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే, చాలాసార్లు చాయ్ పోసి ఇచ్చి ఊరుకునేది.

ఒక గురువారం అందరూ వెళ్ళిపోయాక సఫూరా ఒక్కతే ఉండిపోయింది.

"అమ్మాజాన్, నాకొక తావీజు కట్టివ్వండి."

"దేనికి బిడ్డా?"

సఫూరా చాపకొనను గిల్లుతూ కూర్చుంది. ముప్పై ఏళ్ళ మనిషి, స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. తాయెత్తు దేనికో ఎలా చెప్పాలో తెలియలేదు.

"జుట్టుకి," అంది చివరికి.

అమ్మాజాన్ నవ్వుతుందేమోనని భయపడింది. ఆమె నవ్వలేదు.

"తలుపు గొళ్ళెం పెట్టి రా. చూపించు."

సఫూరా దుపట్టా తీసింది. దాని కింద తల చుట్టూ బిగుతైన నల్లటి బ్యాండు. బ్యాండు తీస్తే నుదురు మీద ఎర్రగా గీత పడి ఉంది. ఆ గీత వెంబడి ముంగురులన్నీ జెల్‌తో చర్మానికి అతుక్కుపోయి, రంగు వేసినట్టు మెరుస్తున్నాయి. రెండు కణతల దగ్గరా పలచబడి లోపలి చర్మం కనిపిస్తోంది. మిగతా జుట్టు సగం ఒకలా, సగం ఒకలా ఉంది. కుదుళ్ళ దగ్గర చిన్నచిన్న చుట్టలు, కొసలకు వెళ్ళేసరికి చీపురు పుల్లల్లా తిన్నగా.

సఫూరా తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చినవాళ్ళు. నిజాం గుర్రపు దళంలో కొలువు చేశారు. వాళ్ళ ఒళ్ళు, వాళ్ళ గొంతు, వాళ్ళ జుట్టు సఫూరా ఇంటివాళ్ళందరికీ వచ్చాయి. బడిలో తోటిపిల్లలు ఆమెను గిన్నెలు తోమే స్టీలు పీచు అని పిలిచేవారు. ఆ పిల్ల ఏడుస్తూ ఇంటికి రావడం చూడలేక, మేనత్త మెహ్రూన్ ఒకరోజు చెయ్యి పట్టుకుని పార్లర్‌కి తీసుకెళ్ళింది. తల్లి లేని సఫూరాను పెంచింది ఆ ఫుప్పూయే.

అక్కడ తలకు తెల్లటి క్రీము పట్టించారు. జుట్టు తిన్నగా అయింది. బడిలో ఆ పేరు పోయింది. ఆ తర్వాత కొత్తజుట్టు కుదుళ్ళలో మెలితిరిగినప్పుడల్లా మళ్ళీ పార్లరు, మళ్ళీ క్రీము. ఏళ్ళు గడిచాయి. ఒకనాడు దువ్వుకుంటుంటే కణతల దగ్గర జుట్టు దువ్వెనతోపాటు వచ్చేసింది.

"చర్మం డాక్టరమ్మ ఆపేయమంది," అని చెప్పింది సఫూరా. "ఇంకోసారి ఆ మందు పెడితే అక్కడ మళ్ళీ మొలవకపోవచ్చు అంది. ఆపేశాను. నిరుడు రంజాన్ నుంచి పెట్టలేదు. కొత్తజుట్టు వస్తోంది అమ్మాజాన్. వస్తోంది గానీ దాని ఇష్టం వచ్చినట్టు వస్తోంది. పాతదీ కొత్తదీ కలిసేచోట పుటుక్కున తెగిపోతోంది. నుదుటి దగ్గర అయితే నూగులా లేచి నిలబడుతుంది. ఎంత అదిమినా ఉండదు."

"దేంతో అదుముతావు?"

"జెల్ రాసి, పళ్ళ బ్రష్షుతో. తర్వాత బ్యాండు బిగించుకుంటాను."

"ఎంతసేపు పడుతుంది?"

"తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక కూర్చుంటే స్కూలు ఆటో వచ్చేదాకా."

అమ్మాజాన్ తల ఊపింది.

"ఫుప్పూ కొడుకు పెళ్ళి దగ్గరికొచ్చింది," సఫూరా గొంతు తగ్గింది. "పార్లర్‌లో నా పేరు చెప్పి పెట్టింది. ఈ ఒక్కసారికే, పెళ్ళి కోసం అంటోంది. వద్దంటే ఆమె మనసు నొచ్చుకుంటుంది. ఊ అంటే డాక్టరమ్మ చెప్పింది గుర్తొస్తుంది. మీరు తావీజు ఇస్తే ముంగురులు అణిగి పడుంటాయి. నేను పార్లర్‌కి పోనక్కర్లేదు, ఫుప్పూకి ఎదురుచెప్పనక్కర్లేదు."

అమ్మాజాన్ దగ్గరికి వంగి, కళ్ళు చికిలించి ఆమె నుదుటి మీది ఎర్రగీతను చూసింది.

"నీళ్ళు కాచుకుని రా," అంది.

నీళ్ళలో దువా చదివి ఊదుతుంది కాబోలు అనుకుంది సఫూరా. పొయ్యి మీద గిన్నె పెట్టి, కాగాక తెచ్చింది. అమ్మాజాన్ దాంట్లో చన్నీళ్ళు తొరిపి, తన మణికట్టు మీద పోసుకుని చూసుకుంది. పెరట్లో నీరెండ పడేచోట పీట వేసింది.

"కూర్చో. తల వంచు."

"మీరా అమ్మాజాన్? వద్దు, నేనే..."

"కూర్చో."

చెంబుతో నీళ్ళు పోసింది. దువ్వెన తీసుకోలేదు. వేళ్ళ కొసలతోనే నుదుటి అంచును తడిపి, నానబెట్టి, ఎండిపోయిన జెల్‌ను కొద్దికొద్దిగా కరిగించింది. తెల్లటి పొట్టు రేగి నీళ్ళతో కొట్టుకుపోయింది. మళ్ళీ పోసింది. మళ్ళీ తడిమింది. తొందరేమీ లేదన్నట్టు చేసింది.

సఫూరా జుట్టును ముట్టుకున్న చేతులన్నీ ఇంతవరకూ దాన్ని లాగినవే. పార్లర్ చేతులు లాగాయి. తన చేతులూ లాగాయి. ఈ చేతులు లాగడం లేదు. సఫూరాకు ఏడుపు వచ్చింది. మొహం మీద ఎలాగూ నీళ్ళు కారుతున్నాయి కాబట్టి ఆపుకోలేదు.

కణతల దగ్గరికి వచ్చేసరికి ఆ వేళ్ళు ఇంకా నెమ్మదించాయి. అమ్మాజాన్ కళ్ళకు పొర వచ్చి చాలాకాలమైంది. ఆమె వేళ్ళతోనే చూస్తుంది.

"ఇక్కడున్నాయి," అంది.

"ఏవి?"

"చిన్నవి. ఇప్పుడిప్పుడే వస్తున్నాయి."

"అవే అమ్మాజాన్! ఆ చిన్నవే మాట వినవు."

అమ్మాజాన్ పాత మెత్తటి బట్టతో తల అద్దింది, రుద్దలేదు. కొబ్బరినూనెలో రెండు చుక్కలు ఆముదం కలిపి, వేలికొసతో కణతలకు రాసింది. తర్వాత లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఎర్రటి సాటిన్ ముక్క ఒకటి తెచ్చింది. తన పెళ్ళినాటి గరారా లోపలి గుడ్డ. రంగు కొంచెం వెలిసింది గానీ చెయ్యి పెడితే ఇప్పటికీ జారిపోతోంది.

"సూదిలో దారం ఎక్కించి ఇవ్వు. నాకు కనబడదు."

సఫూరా ఎక్కించి ఇచ్చింది. ఆ సాటిన్‌ను పట్టీలా మడిచి, సఫూరా దుపట్టా నుదుటి మీద ఆనేచోట లోపలివైపు కుట్టడం మొదలుపెట్టింది అమ్మాజాన్. పొడుగుపొడుగు కుట్లు. వంకరగా పోతున్నాయి.

"అమ్మాజాన్, అది మీ పెళ్ళి బట్ట!"

"నూలుగుడ్డ రాసుకుంటే లేతవి తెగుతాయి. దీనికి తెగవు."

"మరి బ్యాండు?"

"ఇక్కడ వదిలేసి పో."

దుపట్టా కట్టుకుంటే నుదుటికి చల్లగా తగిలింది. తలలో ఎక్కడా బిగువు లేదు. గుమ్మం దాకా వెళ్ళి సఫూరా ఆగింది.

"నేను పార్లర్‌కి పోనా, వద్దా?"

అమ్మాజాన్ సూదిని చాపకు గుచ్చి పెట్టింది.

"నొప్పి పుట్టేది నీ తలకు. నన్నడిగితే నాకెలా తెలుస్తుంది?"

మర్నాడు పొద్దున సఫూరా అద్దం ముందు కూర్చుంది. జెల్ సీసా ఉంది, బ్రష్షు ఉంది. నుదుటి చుట్టూ ముంగురులు ఆరి, మెత్తగా చుట్టుకుని ఉన్నాయి. కొన్ని బియ్యపుగింజంత కూడా లేవు. వేళ్ళు తడుపుకుని వాటి మీద అలా ఆనించి తీసేసింది. దుపట్టా వదులుగా వేసుకుంది. ఆటో రావడానికి ఇంకా చాలా సమయం ఉంది. ఏం చేయాలో తోచక, రెండోసారి చాయ్ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని తాగింది. ఆ కిటికీలోంచి పొద్దుటి ఎండ అంత బాగా వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

ఆదివారం మెహ్రూన్ సఫూరా ఇంటికి వచ్చింది, పార్లర్‌కి తీసుకెళ్ళడానికి. బురఖా కూడా తీయకుండా గుమ్మంలోనే నిలబడి తొందరపెట్టింది.

"పద పద, మళ్ళీ రద్దీ అయిపోతుంది."

"ఫుప్పూ, ఇలా కూర్చో ఒక్క నిమిషం."

సఫూరా తల మీది దుపట్టా తీసింది. మేనత్త చెయ్యి పట్టుకుని, ఆ వేళ్ళను తన కణత మీద ఆనించింది. ముందు ఆ నున్నటి ఖాళీ మీద. తర్వాత దాని అంచున మొలుస్తున్న వాటి మీద.

మెహ్రూన్ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె ఎప్పుడూ ఆ చోటును ఇంత దగ్గరగా చూడలేదు. చూడనివ్వకుండా సఫూరానే జెల్‌తో కప్పుతూ వచ్చింది.

"ఇంత పోయిందా?"

"మళ్ళీ వస్తోంది ఫుప్పూ. మందు పెడితే రాదట."

మెహ్రూన్ కూలబడినట్టు మంచం మీద కూర్చుంది.

"ఆ మొదటిసారి, చిన్నప్పుడు, నీకు మండిందా?"

"మండింది."

"మరి చెప్పలేదేం? నేను పక్కనే ఉన్నాను కదా!"

"నువ్వు విసురుతున్నావు ఫుప్పూ. వాళ్ళు క్రీము పట్టించినంతసేపూ నీ దుపట్టాతో నా మొహానికి విసురుతూనే ఉన్నావు. నీ చెయ్యి నొప్పి పుట్టినా ఆపలేదు. ఎలా చెప్పను?"

మెహ్రూన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. సఫూరా ఆమె భుజం మీద తల ఆనించింది. "నువ్వు లేకపోతే నేనా బడికి మళ్ళీ పోయేదాన్నే కాదు," అంది.

కాసేపయ్యాక మెహ్రూన్ ముక్కు తుడుచుకుని, పార్లర్‌కి ఫోన్ చేసింది. "మా పిల్ల రాదు. ఈసారికి కాదమ్మా, ఇంకెప్పుడూ రాదు," అని పెట్టేసింది. తర్వాత కుట్టుమిషన్ మీది కత్తెర తెచ్చింది.

"ఈ తిన్నటి కొసలు ఇంకెందుకు? వాటి బరువుకే కదా తెగుతోంది. తీసెయ్యనా?"

సఫూరా ఒక్క క్షణం భయపడింది. తర్వాత వీపు తిప్పి కూర్చుంది. పాత జుట్టు పాయలు పాయలుగా నేల మీద పడింది. కత్తిరింపు అయ్యేసరికి తల మీద మిగిలింది చెవుల దాకా వచ్చే నల్లటి చుట్టల జుట్టు. మెహ్రూన్ ఎదురుగా వచ్చి నిలబడి చూసింది.

"మా అబ్బాజాన్ లాగే, మీ తాత లాగే ఉన్నావే," అంది ఆశ్చర్యంగా. ఆ మాట అన్నాక మళ్ళీ ఏడ్చింది. ఈసారి నవ్వుతూ ఏడ్చింది.

గురువారం ఇద్దరూ కలిసి అమ్మాజాన్ ఇంటికి బయల్దేరారు. మెహ్రూన్ ఖుబానీ మీఠా చేసి డబ్బాలో పెట్టుకుంది. "ఆ తల్లికి ఏమిచ్చినా తక్కువే," అని దారంతా అంటూనే ఉంది. ఎప్పుడూ ఆ గుమ్మం ఎక్కని మనిషి కావడంతో, లోపలికి వెళ్ళాక తలుపు పక్కనే ఒదిగి నిలబడింది.

ముందుగదిలో ఆడవాళ్ళు అప్పటికే చేరారు. సఫూరా చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. జికర్ మొదలవలేదు కాబట్టి అందరూ దుపట్టాలు భుజాల మీదికి జార్చుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎప్పుడూ సఫూరా ఒక్కతే గట్టిగా చుట్టుకుని కూర్చునేది. ఈరోజు తనూ దుపట్టా జార్చింది.

నుదుటి చుట్టూ ముంగురులు తమ ఇష్టప్రకారం నిలబడి ఉన్నాయి. కొన్ని చుట్టుకున్నాయి, కొన్ని ఇంకా ఎటు తిరగాలో తేల్చుకోలేదు. కణతల దగ్గర పలచన అలాగే కనిపిస్తోంది. ఎవరో పక్కవాళ్ళ చెవిలో ఏదో అన్నారు. అయినా సఫూరా నడిచి వచ్చి, సలాం చేయడానికి అమ్మాజాన్ ముందు వంగబోయింది.

అమ్మాజాన్ బాలీసుకు ఆనుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి. పెద్దపెద్దవాళ్ళు వచ్చినా కూర్చునే పలకరించడానికి అందరూ ఆమెకు సెలవిచ్చేశారు. ఆమె ఒక చెయ్యి నేలకు ఆనించింది. ఇంకో చెయ్యి గోడకు ఆనించింది. మెల్లగా, పళ్ళు బిగబట్టి, లేవడం మొదలుపెట్టింది.

కబుర్లు ఆగిపోయాయి. ఇద్దరు ముందుకు వచ్చి పట్టుకోబోతే వద్దని తల ఊపింది. పూర్తిగా లేచి, నిటారుగా నిలబడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"అస్సలాము అలైకుమ్," అంది.

సఫూరా కంగారుపడిపోయింది. "అమ్మాజాన్, కూర్చోండి, మీ కాళ్ళు నొప్పి పుడతాయి. నా కోసం మీరు లేవడమేమిటి?"

"నీ కోసం కాదు బిడ్డా."

అమ్మాజాన్ చెయ్యి చాచి, వేళ్ళ వెనకభాగంతో సఫూరా నుదుటి మీది ముంగురులను తాకీ తాకనట్టు తాకింది. తలుపు దగ్గర మెహ్రూన్ చూస్తోంది.

"వీళ్ళు సముద్రాలు దాటి వచ్చారు," అంది అమ్మాజాన్. "కూర్చుని ఎలా పలకరించను?"