గుమ్మంలో ఆగిన ప్రార్థన

మఠంలో చేరి ఏళ్లయింది, ఈస్టరుకి తనకి పూర్తి సన్యాసం ఇస్తారని బాస్టియన్ ఆశ. ఇవ్వాలా వద్దా అన్నది గురువు ఫాదర్ ఒడిలాన్ మాట మీద ఉంది. ఆయనేమో ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు.

"మీ అన్నయ్య సంగతేమిటి?"

"ఎప్పుడో క్షమించేశాను ఫాదర్. రోజూ పొద్దున్నే ప్రార్థనలో పేరు పెట్టి మరీ క్షమిస్తున్నాను."

"రోజూనా! పాపం, అతనికి తెలుసా ఈ సంగతి?"

అన్నయ్య గస్పార్ ఉండే ఊరు మఠానికి ఒక పూట నడక. ద్రాక్ష కోతలకి ముందు బాస్టియన్ ఇల్లు వదిలి మఠానికి వచ్చేస్తుంటే, గస్పార్ గుమ్మంలో నిలబడి, "పో, నాకు తమ్ముడే లేడనుకుంటాను" అన్నాడు. అదే ఆఖరు మాట. తండ్రి సమాధి దగ్గర కూడా ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు.

"సరేలే. రేపు పండగ, ఊళ్లు తిరగాలి. విగ్రహాలు మొయ్యడానికి నువ్వు రా," అన్నాడు ముసలాయన.

బర్గండీలో ద్రాక్ష పండించేవాళ్లకి పునీత విన్సెంట్ ఇలవేల్పు లాంటివాడు. ఆయన పండగ జనవరిలో వస్తుంది. ఫాదర్ తిరిగే కొండవాలు ఊళ్లలో ఊరికో కొయ్య విగ్రహం ఉంది. అది ఏడాదికో రైతు ఇంట్లో ఉంటుంది. పండగనాడు మఠం మనిషి దాన్ని ఒక ఇంటి నుంచి మోసుకెళ్లి, వంతు వచ్చిన ఇంటివాళ్లకి అప్పగించాలి. తెచ్చినవాడూ అందుకునేవాడూ గుమ్మంలో కలిసి పట్టుకుని నిలబడాలి. ఫాదర్ ప్రార్థన ముగించి ఆమెన్ అనేదాకా ఎవరూ చెయ్యి తియ్యకూడదు. తీస్తే ఆ ఏడు వడగళ్లు పడతాయని వాళ్ల భయం.

మర్నాడు బయల్దేరారు. చలి కొరికేస్తోంది. తోటల్లో కత్తిరించిన ద్రాక్ష పుల్లల్ని రైతులు అక్కడికక్కడే తగలబెట్టి చేతులు కాచుకుంటున్నారు. మొదటి ఊళ్లో నేలమాళిగలోకి తీసుకెళ్లి, పీపాలోంచి వైను తీసిచ్చారు. రెండో ఊళ్లో చీజు వేసి కాల్చిన వేడివేడి బన్నులు పెట్టారు. ఫాదర్ తినడం చూడాలి! "ఉపవాసాలు మఠంలోనే ఉన్నాయి, ఎక్కడికీ పోవులే," అంటూ ఇంకోటి అందుకున్నాడు. రెండు చోట్లా ప్రార్థన మాత్రం పుస్తకం తెరవకుండానే గడగడా చదివేశాడు.

మూడో ఊరు బాస్టియన్‌ది. అక్కడ విగ్రహం జెర్మేన్ అనే ముసలావిడ ఇంట్లో ఉంది.

"ఈ ఏడు వంతెవరిది అవ్వా?"

"మీ గస్పార్‌దే నాయనా."

బాస్టియన్ గిరుక్కున గురువు వైపు తిరిగాడు. ఆయన మహా శ్రద్ధగా ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఫాదర్, ఇంకెవరిచేతైనా..."

"నాకు నడుం నొప్పి. నువ్వే పట్టు."

గస్పార్ తలుపు తీశాడు. తమ్ముణ్ణి చూడగానే ముఖం గంటు పెట్టుకున్నాడు. ఎంత కోపమున్నా పునీతుడి మొహాన తలుపు వెయ్యలేడు కదా. చేతులు చాచి విగ్రహం పట్టుకున్నాడు.

"పునీత విన్సెంటా, మంచు నుంచీ వడగళ్ల నుంచీ ఈ తోటల్ని కాపాడు. ఈ ఇంటిని..." ఫాదర్ ఆగాడు. "ఈ ఇంటిని... అయ్యో, తర్వాతేమిటి? ఉండండి, మళ్లీ మొదట్నుంచీ."

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగాడు. "వయసు నాయనా, వయసు," అన్నాడు, ఎటో చూస్తూ.

విగ్రహం మంచి బరువు. బాస్టియన్ తలెత్తలేక అన్నయ్య చేతులకేసే చూస్తున్నాడు. చలికి పగిలి, నెత్తురు చారలు కట్టి ఉన్నాయవి. ఇద్దరు చెయ్యాల్సిన చాకిరీ ఇన్నాళ్లూ ఆ రెండు చేతులే చేశాయి. ఆ రోజు అన్నయ్య అన్న మాటనే ఇన్నేళ్లూ తలుచుకున్నాడు గానీ, తను అతన్ని ఎంత పనిలో వదిలేసి వచ్చాడో ఒక్కనాడూ తలుచుకోలేదు. క్షమించడమట! ఎవరు, ఎవర్ని?

ఫాదర్ మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకున్నాడు.

"బరువంతా నీ మీదే పడుతోంది. ఇటు ఒంచు," అన్నాడు గస్పార్, మోటుగా.

బాస్టియన్‌కి దుఃఖం ఆగలేదు. "అన్నయ్యా, నన్ను క్షమించు. కోతల ముందర నిన్ను అలా వదిలేసి పోయాను."

గస్పార్ విగ్రహాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నాన్న ఆఖర్న నిన్నే అడిగాడురా. నేనే పంతానికి పోయి ఆయన కన్నుమూసేదాకా కబురు పెట్టలేదు. నన్ను నువ్వు క్షమించాలి."

కళ్లు తుడుచుకుందామంటే ఇద్దరికీ చేతులు ఖాళీ లేవు. అలాగే నిలబడి ఏడ్చారు.

"ఈ ఇంటిని చల్లగా చూడు, ఆమెన్," అన్నాడు ఫాదర్ గబగబా.

గస్పార్ ఇంట్లో భోజనాలయ్యాక గురుశిష్యులిద్దరూ మఠానికి తిరిగొస్తున్నారు. బాస్టియన్ ఉండబట్టలేక అడిగాడు.

"పొద్దున్నించీ గడగడా చదివారు కదా ఫాదర్. మా గుమ్మంలోనే ఎలా మర్చిపోయారు?"

"మర్చిపోలేదు నాయనా. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ ఇంకా రాలేదని ఆగాను."