ఏసీకి కప్పిన చాదర్

ఆ వేసవిలో దస్తగిరి ఒక పంతం పట్టాడు. ఏమైనా సరే, ఆ పాత ఏసీని బతికించి తీరాలి.

పంతానికి కారణం ఆపా. అతని గురువు ఫకృద్దీన్ బాబాకి ఆమె అక్క. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. వేడి తగలనివ్వొద్దని, కర్నూలు ఎండలే ఆమెకు గండమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. దర్గా పక్కన వాళ్ళ ఇంట్లో ఉన్నది ఎవరో భక్తుడు ఇచ్చిన ఆ ఒక్క ఏసీయే. అది పోతే ఇంకోటి వచ్చే దారి లేదు.

శ్రద్ధలో దస్తగిరిని మించిన శిష్యుడు లేడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. వారం వారం ఏసీ జాలీలు విప్పి కడిగేవాడు. గది తలుపు ఎవరైనా ఓరగా వదిలేస్తే వాళ్ళకు మూడినట్టే. గోడ బయట ఉన్న ఏసీ పెట్టెకు ఎండా దుమ్మూ తగలకూడదని మందపాటి గుడ్డతో చాదర్ కుట్టాడు. జరీ అంచు కూడా వేసి, దాన్ని చుట్టూ బిగించి కట్టాడు. సమాధికి చాదర్ కప్పే దర్గాలో పెరిగినవాడు మరి, గౌరవించడమంటే కప్పడమే అతనికి.

అయినా ఏసీ రోజూ మధ్యాహ్నం మొండికేసేది. మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. అతను వచ్చే ముందే దస్తగిరి చాదర్ విప్పి, మడతపెట్టి దాచేవాడు. దాని మీద జిడ్డు చేతులు పడితే ఓర్చుకోలేడు. మెకానిక్ ఉన్నంతసేపూ ఏసీ బుద్ధిగా నడిచేది. “ఏం లోపం ల్యా” అని అతను వెళ్ళిపోయేవాడు. చాదర్ మళ్ళీ ఎక్కేది. మర్నాడు మళ్ళీ అదే కథ.

అన్నాళ్ళూ ఊళ్ళో లేని బాబా తిరిగొచ్చిన రోజు కూడా మధ్యాహ్నం ఏసీ ఆగింది. ఆపాకి ఆయాసం మొదలైంది. దస్తగిరికి నిజంగా భయం వేసింది. పక్కింటావిడ తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, విసురుతూ కూర్చున్నాక ఆపా కాస్త తేరుకుంది. దస్తగిరి బయటికొచ్చి బాబా ముందు కూలబడ్డాడు.

“ఇంకేం చేయాల బాబా? దాన్ని నాకంటే బాగా ఎవరు చూసుకుంటారు?”

బాబా లేచి, ఏసీ పెట్టె దగ్గరకు వెళ్ళి చాదర్ మీద చెయ్యి ఆనించి చూశాడు. లోపల్నుంచి ఉన్ని కంబళి తెచ్చి దస్తగిరికి తలమీదుగా కప్పి, మెడ దగ్గర గట్టిగా ముడేశాడు. చేతికి చీపురిచ్చాడు.

“వాకిలి ఊడ్చుపో.”

దస్తగిరి ఎదురు చెప్పే రకం కాదు, తగ్గే రకమూ కాదు. ఎర్రటి ఎండలో ఊడ్చాడు. సగం వాకిలి అయ్యేసరికి చెమట కళ్ళల్లోకి దిగింది. ఊపిరి ఆడలేదు. ముడి మీద చెయ్యి వేశాడు.

“తీయొద్దురా, నీ మీద దుమ్ము పడ్తాది” అన్నాడు బాబా, నీడలోంచి.

ఇంకాస్త ఊడ్చి, ఇక వల్లకాక గోడకు జారగిలబడ్డాడు దస్తగిరి. పక్కనే ఏసీ పెట్టె. పట్టుకోసం చెయ్యి చాస్తే చాదర్ తగిలింది. కాలిపోతోంది.

చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తర్వాత తన కంబళి సంగతే మరిచి, ముందు చాదర్ ముడులు విప్పాడు. రానివాటిని పళ్ళతో లాగాడు. అందం కోసం పెట్టె ముందు పేర్చిన పూలకుండీలను దూరంగా జరిపాడు. కాసేపటికి పెట్టె చల్లారింది. స్విచ్ వేస్తే ఏసీ నడిచింది. నడుస్తూనే ఉంది.

“ఆ మాటేదో నోటితో చెప్పుంటే సరిపోయేది గదా బాబా” అన్నాడు కంబళి విప్పుకుంటూ.

“చెప్తే తీసేటోనివే. రేపు పల్చని గుడ్డతో ఇంకోటి కుట్టేటోనివి.”

దస్తగిరి తల వంచుకున్నాడు. నిజమే. అప్పటికే మనసులో గుడ్డ ఎంచుకుంటున్నాడు.

పొద్దు వాలింది. లోపల్నుంచి ఆపా పిలిచింది.

“దస్తగిరీ, చలేస్తాంది నాయనా. ఏమన్నా కప్పు.”

దస్తగిరి గబగబా అల్మారాలోంచి దుప్పటి తీశాడు. గుమ్మం దాకా వెళ్ళి, దుప్పటి చేతిలో ఉండగానే ఆగి, బాబా వైపు చూశాడు.

“ఇప్పుడు కప్పు” అన్నాడు బాబా.