కుడితి తొట్టిలో తేలిన నిజం

తమకు తెలివుందని ప్రతి ఊరివాళ్ళూ లోపల అనుకుంటారు. బుద్ధివలసవాళ్ళు అనుకుని ఊరుకోలేదు. ఊరి మొగలో బోర్డు కట్టించారు: 'తెలివైన ఊరు. మెల్లగా వెళ్ళండి.' పక్క ఊళ్ళవాళ్ళు అది చదివి, "బుద్ధి ఎప్పుడో వలసపోయింది, పాపం, ఊరొక్కటే మిగిలింది" అనుకుంటూ పోయేవారు.

అంత తెలివైన ఊళ్ళోనూ తెలివికి పెట్టింది పేరు తవిటయ్య ఇల్లు. తవిటయ్య, అతని భార్య నూకాలమ్మ, తమ్ముడు పైడయ్య, ముగ్గురే మనుషులు. నాలుగో ప్రాణి గేదె. 'ఇంటికి దీపం ఇల్లాలు' అని ఎవరో అనగా విని ఆ ఇంటికి కరెంటు పెట్టించుకోలేదు. పొద్దుగూకగానే నూకాలమ్మ నట్టింట్లో పీట వేసుకుని కూర్చునేది. అన్నదమ్ములిద్దరూ ఆ చీకట్లో ఒకరి కంచంలో అన్నం ఒకరు తిని, "ఈ వెలుగు ముందు కరెంటెంత!" అని చేతులు కడుక్కునేవారు.

ఆ ఏడు ఎండలకి ఊరి బావిలో నీళ్ళు అట్టడుక్కి దిగిపోయాయి. చేద ఎంత వదిలినా ఖాళీగానే పైకొచ్చేది. ఆడవాళ్ళు కడవలెత్తుకుని ఊరికి దూరాన ఉన్న గెడ్డకి పోయి, ఆ వాగులో మిగిలిన మడుగులో నీళ్ళు ముంచుకొచ్చేవారు. నూకాలమ్మకి మోకాలి నొప్పి. ఒకనాడు కడవ దించి, మోకాలు పట్టుకుని చతికిలబడింది.

"మావా, ఒక్కటే మాట. ఈ ఎండలు పోయేలోగా మన గుమ్మం ముందు నీళ్ళుండాలి. లేదంటే నేను మా కన్నోరింటికి పోతాను. అంతే."

తవిటయ్యకి పెళ్ళామంటే ప్రాణం. పైగా ఆమె పోతే ఇల్లు చీకటైపోదూ?

"గుమ్మం ముందే కదే? ఉంటాయి. నాదీ పూచీ" అన్నాడు.

ఆ రోజుల్లో పట్నం నుంచి యంత్రాలవాళ్ళు ఊళ్ళమీద పడుతున్నారు. 'నా బుర్రలో ఒక యంత్రం ఉంది, ఊరంతా తలా కాస్త చందా వేస్తే చేసిస్తాను' అనడం వాళ్ళ వరస. కిందటేడు ఒకడొచ్చి, కోడి ఉడికించిన గుడ్డే పెట్టే గంప తయారు చేస్తానని చందా పట్టుకుపోయాడు. మళ్ళీ కనిపించలేదు. కోళ్ళు ఇంకా పచ్చిగుడ్లే పెడుతున్నాయి.

అందుకని సర్పంచి అప్పలసూరి తవిటయ్యని పిలిపించాడు. ఊళ్ళో తీరికున్న ఇల్లు అదొక్కటే.

"ఒరే తవిటీ, ఈసారి బావి సంగతి కోసం ఎవడు ఏ యంత్రం తెచ్చినా గుడ్డిగా నమ్మేది లేదు. అది సైన్సు ముందు నిలబడుతుందో లేదో చూడండి. నిజమో అబద్ధమో తేల్చండి. మీరు తేల్చాకే చందా."

"నిలబెట్టాలి, తేల్చాలి. నిలబెట్టాలి, తేల్చాలి" అని దారంతా వల్లె వేసుకుంటూ తవిటయ్య ఇల్లు చేరాడు. అతని ఛాతీ అంగుళం పెరిగింది. ఈ యంత్రాల్లో ఏదో ఒకటి నిజమైతే చాలు, నూకాలమ్మ కన్నోరింటికి పోదు.

"అన్నా, తేల్చాలంటే నీళ్ళుండాలి కదా. నీళ్ళు లేకే కదా ఈ గోలంతా?" అన్నాడు పైడయ్య.

"తొట్టి నిండా కుడితుంది కదరా!" అంది నూకాలమ్మ.

"మరి గేదె?"

"శాస్త్రం కోసం గేదె ఒక్క పూట ఆగలేదేటి?"

ఇంకేముంది. పక్కింటి పిల్ల ఏడో తరగతి సైన్సు పుస్తకం అరువు తెచ్చి, గోడకి ఆనించి పెట్టారు. దాని ముందు కుడితి తొట్టి. పరీక్షాశాల తయారు.

ముందుగా వచ్చింది హైమావతి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మనిషి. ఇనపచక్రాలు, పళ్ళు, గొలుసు ఉన్న యంత్రం తెచ్చింది. ఎంత లోతు బావి నుంచైనా చంటిపిల్ల కూడా నీళ్ళు లాగొచ్చని బొమ్మ గీసి చూపించింది. చూడటానికి ఊరంతా చేరింది.

తవిటయ్య యంత్రాన్ని పుస్తకం ముందు నిలబెట్టాడు. నిలబడింది.

"సైన్సు ముందు నిలబడింది! ఒకటి అయింది. ఇక తేల్చడమే. పట్టరా పైడీ!"

"ఏం చేస్తున్నారండీ? అయ్యో, గేర్లండీ అవి!" అని హైమావతి అరుస్తూనే ఉంది. అన్నదమ్ములు యంత్రాన్ని ఎత్తి తొట్టిలో వేశారు. బుడుంగుమంది. కుడితి లేచి ఆవిడ చీర మీద పడింది.

తవిటయ్య వంగి చూశాడు. మనసులో గట్టిగా కోరుకున్నాడు కూడా, తేలవే తల్లీ అని. పైకి ఒక్క బుడగ వచ్చింది, అంతే.

"మునిగింది. అబద్ధం" అన్నాడు దిగులుగా.

"ఇనుమన్నాక మునగదా అండీ! నా ఆర్నెల్ల కష్టం కుడితిపాలు చేశారు కదా!"

"చూశారా, మునుగుతుందని ఆవిడే ఒప్పుకుంటోంది" అన్నాడు పైడయ్య జనంతో.

ఆ యంత్రాన్ని పక్క ఊరివాళ్ళు కడుక్కుని తీసుకుపోయారు. అది వాళ్ళ బావిలో ఇప్పటికీ నీళ్ళు తోడుతోంది. మునిగిపోయిన యంత్రంతో నీళ్ళు తోడుకుంటున్నారని బుద్ధివలసవాళ్ళు వాళ్ళని చూసి జాలిపడ్డారు.

అయితే ఆ వేళ గుంపు వెనక నిలబడి ఇదంతా చూసినవాడు ఒకడున్నాడు. పేరు చక్రపాణి. మాటల మనిషి. మర్నాడు పొద్దున్న బస్సు దిగుతూనే నెత్తిన ఒక పెట్టె పెట్టుకుని తిన్నగా తవిటయ్య ఇంటికే వచ్చాడు. తెల్లగా, అందంగా ఉంది పెట్టె. మొత్తం థర్మాకోలు.

"గాలిలో నీళ్ళున్నాయి, తెలుసా మీకు?" అన్నాడు.

"ఎక్కడ?" అని ముగ్గురూ పైకి చూశారు.

"కంటికి కనపడవు. నా యంత్రం ఆ గాలిని పీల్చి నీళ్ళు ఇస్తుంది. మీ గుమ్మం ముందే, ధారగా!"

'గుమ్మం' అనే మాట చెవిన పడగానే తవిటయ్య పెట్టె అందుకున్నాడు. పుస్తకం ముందు పెట్టాడు, నిలబడింది. తొట్టిలో వేశాడు. పూరీలా తేలింది! పైడయ్య చేత్తో నొక్కాడు, మళ్ళీ పైకి లేచింది.

"ముంచినా మునగని నిజం!" అన్నాడు తవిటయ్య. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతే. ఊరు ఊరంతా చందాకి ఎగబడింది. కోళ్ళు, గుమ్మడికాయలు, జీడిపప్పు, కుంచాల కొద్దీ ధాన్యం. చక్రపాణి అన్నీ గోనెల్లోకి ఎత్తించాడు. బస్సు మళ్ళీ సాయంత్రం గానీ లేదు. అందాకా వీళ్ళకి ఏదో ఒక పని పెట్టాలి కదా. తవిటయ్య భుజం మీద చెయ్యేశాడు.

"ఇది చాలా సున్నితం. గాలికి వదిలేయకండి. ముందు కాసిని నీళ్ళు చూపించండి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కళ్ళల్లో వత్తులు వేసుకుని కనిపెట్టుకుని ఉండండి. సాయంత్రానికి ధారే!"

ఇంకేముంది. యంత్రాన్ని ఇంట్లోకి తెచ్చి, దానికి గాలి తగలకుండా తలుపులూ కిటికీలూ మూసి, సందుల్లో గోనెగుడ్డలు కుక్కారు. పైడయ్య చెంబుతో నీళ్ళు పట్టుకుని దాని ఎదురుగా నిలబడ్డాడు.

"చూడట్లేదు వదినా. మొహం అటు తిప్పుకుంది."

"నువ్వే అటు తిరిగి చూపించరా, మర్యాదగా!"

నూకాలమ్మ దేవుడి గూట్లోంచి దీపం వత్తులు రెండు తెచ్చి కళ్ళలో పెట్టుకుంది. "మావా, నాకేటీ కనపడట్లేదు!"

"కనపడకపోతేనేం, చూస్తూ ఉండు" అన్నాడు తవిటయ్య. చొక్కా విప్పి, ఒళ్ళు యంత్రానికి దగ్గరగా పెట్టుకుని కావలించుకుని కూర్చున్నాడు. మూసిన ఇల్లు, మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండ. కాసేపటికి పెట్టె మీద టప్‌మని ఒక చుక్క పడింది. ఆ వెనకే ఇంకోటి.

"నీళ్ళు! ఒసే, నీళ్ళు!"

పైడయ్య వేలితో అద్ది నాలిక్కి రాసుకున్నాడు. "ఉప్పగా ఉన్నాయన్నా."

"సముద్రం మీంచి వచ్చిన గాలై ఉంటుందిరా" అన్నాడు తవిటయ్య, నుదుటి చెమట తుడుచుకుంటూ. తుడవగానే చుక్కలు ఆగిపోయాయి. యంత్రం అలిగిందనుకున్నారు.

పొద్దు వాలేవేళకి సర్పంచి వచ్చి తలుపు తోశాడు. లోపలి ఆవిరికి రెండడుగులు వెనక్కి వేశాడు. ముక్కు మూసుకుని వచ్చి పెట్టె మూత పీకాడు. లోపల విరిగిన ఫ్యాను రెక్క ఒకటి, అంతే.

"ఓరి మీ తెలివి తగలెయ్య! వాడు ఊరిని నిలువునా ముంచాడు కదరా!"

"ముంచలేదు బాబూ, తేలింది. అందరూ చూశారు" అన్నాడు తవిటయ్య.

"నోర్ముయ్! ఇవాళ తాడో పేడో తేలిపోవాలి!" అని సర్పంచి కర్ర నేలకేసి కొట్టాడు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పైడయ్య కొట్టంలోకి పరిగెత్తి కొబ్బరిపీచు తాడు తెచ్చాడు. తవిటయ్య గేదె వెనక్కి వెళ్ళి దోసెడు పేడ తెచ్చాడు. రెండూ తొట్టిలో వేశారు.

"తాడు తేలింది బాబూ! పేడ మునిగింది!"

"పిడకైతే అదీ తేలును" అని గొణిగాడు పైడయ్య.

"ఎండుదో పచ్చిదో బాబు చెప్పలేదు కదరా!"

సర్పంచి రెండు చేతులతోనూ నెత్తి కొట్టుకున్నాడు. "తాడూ కాదు, పేడా కాదు! వాడు గెడ్డ వంతెన దగ్గర బస్సు కోసం నిలబడ్డాడు! పోయి వాడి సంగతి తేల్చండి ముందు!"

ఆ మాట చాలు. తవిటయ్య, పైడయ్య, వెనక ఊరు, ఆ వెనక ఆయాసపడుతూ సర్పంచి. చక్రపాణి బస్సు మీదికి గుమ్మడికాయలు అందిస్తున్నాడు. పైడయ్య కాళ్ళు పట్టాడు, తవిటయ్య భుజాలు పట్టాడు. "ఏంటిది? వదలండి! ఏంటిది?" అంటూనే వాడు వంతెన మీంచి మడుగులో పడ్డాడు.

ఊరంతా వంతెన మీంచి వంగి చూసింది. చక్రపాణి సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడు. బుడుంగున మునిగి, వెంటనే లేచి, బారలు వేసుకుంటూ ఈదాడు.

"తేలాడు!" అని ఊరు ఊరంతా కేక పెట్టింది.

"ఆగండ్రా, వాణ్ణి పట్టుకోండ్రా, దొంగ..." అంటూ సర్పంచి ఒడ్డు దిగబోయి, బురదలో కాలు జారి, మడుగులో పడ్డాడు. భారీ మనిషి. ఈత రాదు. కర్ర పైకొచ్చింది గానీ మనిషి రాలేదు. నలుగురు దూకి జుట్టు పట్టి లాక్కొచ్చారు. ఆయన నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచేసరికి తవిటయ్య ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కోపం వద్దు బాబూ. శాస్త్రం ఎవరి మొహమూ చూడదు. ఆయన నిజం. మీరే అబద్ధం."

ఊరు చక్రపాణికి పొడిబట్టలిచ్చి, క్షమాపణ చెప్పి, సర్పంచి పొట్టేలుని కూడా చందాలో కలిపి బస్సెక్కించింది. బస్సు కనుమరుగయ్యేదాకా చేతులూపింది.

తవిటయ్య ఇంటికొచ్చేసరికి నూకాలమ్మ మూట కడుతోంది. వత్తులు తీసేసినా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"నిజమూ తేలింది, మనిషీ తేలాడు. మరి నీళ్ళేవి మావా? గుమ్మం ముందుకి ఒక్క చుక్కైనా వచ్చిందా? పొద్దున్నే పోతున్నాను."

తవిటయ్య గుమ్మం మీద కూలబడ్డాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. గెడ్డ ఎంతో దూరం. నీళ్ళకి కాళ్ళు లేవు, రమ్మంటే రావు. ఒక్కసారిగా దిగ్గున లేచాడు.

"ఒరే పైడీ! నీళ్ళు గుమ్మం దగ్గరికి రాకపోతే, గుమ్మం నీళ్ళ దగ్గరికి పోకూడదేటి?"

పైడయ్య నోరు తెరిచి అన్నని చూశాడు. "ఇంత బుర్ర ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావన్నా!"

తెల్లవారేసరికి గునపాలతో గుమ్మాన్ని పెకలించారు. ద్వారబంధం, తలుపులు, గడప, పైన మామిడాకుల తోరణంతో సహా భుజాన మోసుకుపోయి గెడ్డ ఒడ్డున పాతారు. తవిటయ్య నూకాలమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె కుడికాలు ముందు పెట్టి గడప దాటి చూసింది. ఎదురుగా, రెండడుగుల్లో, మిలమిలా నీళ్ళు.

"ఓలమ్మో! మన గుమ్మం ముందే!" అని మొగుడి మెడ పట్టుకుని ఏడ్చేసింది. మూట విప్పేసింది.

కడవతో అందరూ ఇంటికి తిరిగొచ్చారు. పైడయ్య గోడలో మిగిలిన కంతలోంచి తిన్నగా లోపలికి పోబోయాడు. నూకాలమ్మ రెక్క పట్టి ఆపింది.

"గుమ్మం దాటకుండా ఇంట్లోకి దూరతావేటిరా? మనమేటి, దొంగలమా?"

నిజమే కదా అనుకున్నారు. అంతే. ముగ్గురూ వెనక్కి గెడ్డ దాకా నడిచి, గడప దాటి, మళ్ళీ నడిచొచ్చి ఇంట్లోకి వెళ్ళారు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరు లోపలికి రావాలన్నా, బయటికి పోవాలన్నా అదే పద్ధతి.

ఒకనాడు పక్కింటావిడ అడిగింది. "ఏం నూకాలూ, గుమ్మం ముందే నీళ్ళొచ్చాయి కదా, ఇప్పుడు మోకాలెలా ఉంది?"

"ఏటి చెప్పను వదినా! నీళ్ళకి నడిచే బాధ తప్పింది గానీ, ఇల్లే మరీ పెద్దదైపోయింది. గుమ్మం నుంచి వంటింట్లోకి వచ్చేసరికి ప్రాణం పోతోంది."