తీతువు పాట, నక్క తంబుర

ఎండిన ఏటి పక్క రాళ్లగుట్ట మీద ఏటా అడవి పిల్లలకు సంగీత పరీక్షలు జరుగుతాయి. సరళీ స్వరాలు పాడితే ఒకటో గ్రేడు, గీతం పాడితే రెండోది, అలా పైకి. నాలుగో గ్రేడు నెగ్గితేనే పిల్లలకు పాఠం చెప్పే హక్కు. కానీ ఏ గ్రేడైనా మూడుసార్లు తప్పితే మళ్లీ గుట్ట ఎక్కనివ్వరు.

తీతువుపిట్ట వరాలుకి నాలుగో గ్రేడు ఇది మూడోసారి.

"తీతువు కూస్తే చావు కబురొస్తుంది. అది పిల్లలకు పాఠం చెబుతుందట!" అని అడవంతా నవ్వింది. ఆ మాటకే పంతం పట్టి వరాలు గొంతు చించుకుని సాధన చేసింది. అయినా రెండేళ్లూ ఒకే తంతు. ఇంటి దగ్గర తేనెలా పలికే వర్ణం, పరీక్షలో సగానికి వచ్చేసరికి శ్రుతి తప్పేది. "నా గొంతే పాపిష్టిది," అని కుమిలిపోయేది.

శ్రుతి వేసేది నక్క గుర్నాథం. అడవి మొత్తానికి ఉన్నది అతని ఒంటితీగ తంబుర ఒక్కటే. సంగీతం బడీ అతనిదే. వరాలు ఆ బడి మానేసి కౌజుపిట్ట దగ్గర చేరినప్పటినుంచీ అతనికి కడుపుమంట.

"రా అమ్మాయ్, భయపడకు. నేనున్నాగా," అన్నాడు గుర్నాథం తీగ మీటుతూ.

"మీ దయ మామా," అంది వరాలు.

వెనక అతని శిష్యుడు, నెమలి శిఖామణి, పింఛం సవరించుకుంటున్నాడు. తర్వాతి వంతు అతనిదే.

పరీక్షాధికారి, ముసలి ఎద్దు పాపయ్య, నెమరేస్తూనే కళ్లు మూసుకున్నాడు. "కానివ్వు తల్లీ."

వర్ణం మొదటి సగం సాఫీగా సాగింది. చరణం అందుకోగానే 'కిర్ర్' మని సన్నటి చప్పుడు. వరాలు ఓరకంట చూసింది. ఎద్దుకు కనబడకుండా నక్క పంజా తంబుర తీగ బిగించే బిరడా మీద ఉంది. మెల్లగా తిప్పుతోంది. శ్రుతి వెంట్రుకవాసి పైకి జరిగింది.

అంటే రెండేళ్లూ తప్పింది తన గొంతు కాదా!

ఆపి చెబితే? 'ఆడలేక మద్దెల ఓడు' అని గుట్టంతా నవ్వుతుంది. ఉన్నచోటే పాడితే అపస్వరం. తాళం తప్పేలోగా తేల్చుకోవాలి.

గొంతు లేపి కొత్త శ్రుతిలోకి దూకింది.

గుర్నాథం చెవులు నిక్కపొడుచుకున్నాయి. మళ్లీ తిప్పాడు. వరాలు మళ్లీ ఎక్కింది. 'ఎంత పెంచుతావో పెంచు మామా. గద్దను చూసి ఏరంతా వినబడేలా అరిచే జాతి మాది. నా గొంతు తెగదు. నీ తీగ సంగతి చూసుకో!'

పాపయ్య నెమరు ఆగింది. ఒక చెవి లేచింది. వరాలు గొంతు మండుతోంది. తీగ బిగిసి బిగిసి కీచుమంటోంది. గుర్నాథం పళ్లు బిగించి ఇంకొక్క తిప్పు తిప్పాడు.

ఫట్!

తెగిన తీగ నక్క ముక్కు మీద చెళ్లున కొట్టింది. "కుయ్యో!" అని అతను వెల్లకిలా పడ్డాడు. వరాలు మాత్రం ఆగలేదు. శ్రుతి లేకుండానే చరణం ముగించి, అదే షడ్జంలో దిగింది.

పాపయ్య కళ్లు తెరిచాడు. "గుర్నాథం, పాట మధ్యలో నీ బిరడా ఎందుకు కిర్రుమంది?"

"తీగ సడలిందండీ..."

"సడలిన తీగ తెగుతుందటరా? మూడుసార్లు నువ్వు లాగావు, మూడుసార్లూ ఆ పిల్ల శ్రుతిలోనే నిలబడింది. జరిగే శ్రుతిని పట్టుకోవడం ఏడో గ్రేడు విద్య. నాలుగోదానికి నేనెప్పుడూ అడగలేదు." ఆయన కొమ్ములు వంచాడు. "రెండేళ్లు కళ్లు మూసుకుని నువ్వు తప్పావన్నాను తల్లీ. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. నువ్వు నెగ్గావు."

వరాలు రాయి మీద అలాగే కూలబడి ఏడ్చేసింది.

"తర్వాత ఎవరు?"

శిఖామణి ముందుకొచ్చాడు. "గురువుగారూ, శ్రుతి?"

గుర్నాథం ముక్కు పట్టుకుని తెగిన తీగ వైపు చూశాడు. పాపయ్య, "అలాగే పాడు నాయనా," అన్నాడు. రెండో పాదం దాటకముందే వినడానికొచ్చిన కప్పలు చెవులు మూసుకున్నాయి. శిఖామణి పరీక్ష తప్పాడు. మరునాడే నక్క బడి మానేశాడు కూడా.

నీతి: ఎదుటివాడి శ్రుతి చెడగొట్టబోతే తెగేది సొంత తీగే.