పోలమ్మ ముల్లు, జగ్గప్ప పొట్లం

చెప్పు, ఏం చూశావు? మోదుగాకు పొట్లం చూశావు. దానికి గుచ్చిన ఏదుపంది ముల్లు చూశావు. ఇంకా? అంతేనా! కుందేలు బుడ్డన్న చూసిందీ అంతే. అంత మాత్రం చూసి, అడవిలోని పసిపిల్లలందరినీ తీసుకెళ్లి నక్క నోటి దగ్గర పెట్టాడు.

ఆ ఘనకార్యం ఎలా జరిగిందో విను.

కొండవాలు అడవిలో తొలకరికి ముందు ప్రతి బొరియకీ గోడ మెత్తుకోవాలి. ఉత్త మట్టి నాలుగు చినుకులకే జారిపోతుంది. మట్టిలో గుగ్గిలం కలిపి తొక్కితే మాత్రం రాయిలా బిగుస్తుంది. నక్క గోళ్లకు కూడా లొంగదు. ఆ గుగ్గిలం ఏరి తెచ్చేది ముసలి ఏదుపంది పోలమ్మ. చెట్టు చెట్టూ తిరిగి, గడ్డలు కూడగట్టి, మోదుగాకులో పొట్లం కట్టి, తన ముల్లే ఒకటి గుచ్చి పెద్దబండ మీద పెట్టేది. కావలసినవాళ్లు పట్టుకెళ్లడమే. బదులుగా ఎవరూ ఏమీ ఇచ్చేది లేదు. "బాగున్నావా అత్తా" అని పలకరించిన పాపాన కూడా పోలేదు ఎవరూ.

ఒక్కటే కట్టుబాటు. తీసుకున్నవాడు గడ్డ విరిచి, ఒక ముక్క నీళ్లలో వేసి, కాసేపు కూర్చుని చూడాలి. గుగ్గిలమైతే కరగదు. పెద్దవాళ్లు అలాగే చేసేవారు. ఇప్పటి దొరలకు కూర్చునే తీరికేదీ?

ఆ తీరిక లేకపోవడం నక్క జగ్గప్ప కంటపడింది. పోయిన వానాకాలమంతా గోడలు గీకి గోళ్లు అరగదీసుకున్నవాడు వాడు. పోలమ్మ ఒంటి నుంచి రాలిన ముళ్లు ఏరాడు. ఇప్పపువ్వు నూరి గడ్డలు చేశాడు. వాసనకు పైపైన గుగ్గిలం పూశాడు. మోదుగాకులో చుట్టి, ముల్లు గుచ్చి, పెద్దబండ మీద దారివైపు అంచున, చెయ్యి చాపితే అందేచోట పెట్టాడు. సొంత పెళ్లానికి కూడా చెప్పలేదు. చూశావా, దొంగకు ఎంత జాగ్రత్తో!

మబ్బు కమ్ముకొచ్చింది. అడవికంతటికీ మేస్త్రి బుడ్డన్న. తల్లులు మేతకు పోతూ పసివాళ్లను వదిలిపెట్టే పిల్లల బొరియకు వెనకగోడ మెత్తుతున్నాడు. బండ అంచున చేతికందిన పొట్లాలు తెచ్చి, ఆకు ఊడదీసి, గడ్డల్ని గడ్డలుగానే మట్టిలో పడేసి తొక్కుతున్నాడు.

"బుడ్డన్నా, నీళ్లలో వేసి చూశావా?" అంది పందికొక్కు గవరమ్మ, పిల్లల్ని లోపలికి తోలుతూ.

"నెత్తిమీద వాన పెట్టుకుని నీళ్లంటావేంటి! ఇదిగో, ముల్లు చూడు. ఎవరిది?"

"పోలమ్మత్తదే."

"మరి?"

"మట్టి తియ్యటి వాసన వేస్తోందేంటి?"

"కొత్త గుగ్గిలం, అలాగే ఉంటుంది."

"ఏమో. మా తాత చూసుకున్నాక గానీ ముట్టేవాడు కాదు."

"అందుకే మీ తాత బతుకంతా కట్టింది ఒక్క గోడ!"

గవరమ్మ పకపకా నవ్వింది. "సర్లే, నువ్వు మెత్తాక ఇంక భయమేంటి" అని మేతకు పోయింది. ఆమెను చూసి ఉడుత పోయింది. ఉడుతను చూసి పొలుసుల అలుగు పోయింది. బుడ్డన్న కూడా తన కొడుకును లోపల వదిలి గడ్డికి పోయాడు. మేస్త్రి ముల్లును నమ్మాడు, తల్లులు మేస్త్రిని నమ్మారు. గడ్డ విరిచిన చెయ్యి ఒక్కటీ లేదు.

వాన దంచింది. పొట్లాల మీద ఆకులు కప్పుదామని పెద్దబండకు వచ్చిన పోలమ్మ, అంచున మిగిలిన పొట్లాలు చూసి నిలబడిపోయింది. అవి ఆమె పెట్టినవి కావు. ఒకటి నానిపోయి, లోపలి ముద్ద ఎర్రగా బండ మీదుగా కారుతోంది.

రాతి చాటున గడ్డి నములుతున్న బుడ్డన్నను పట్టుకుంది. "ఒరే, అంచున ఉన్నవి ఏ గోడకు వాడావు?"

"పిల్లల బొరియకు అత్తా. ఏం?"

పోలమ్మ గిరుక్కున వెనుదిరిగింది. ముసలి ఒళ్లు, బురద దారి, అయినా పరుగందుకుంది.

అప్పటికే జగ్గప్ప వెనకగోడ దగ్గరున్నాడు. పంజా వేశాడు. గోడ తడిసిన అటుకుల్లా చేతిలోకి వచ్చింది. పిల్లలు కెవ్వుమన్నారు. గోళ్లకు ముందు దొరికింది బుడ్డన్న కొడుకు చెవి, సగానికి చీలింది. వాడి వెనకాల ఇంకా బోలెడు లేత మాంసం! జగ్గప్ప మూతి మొత్తం లోపలికి దూర్చాడు. అదే క్షణంలో ముందుదారిన పోలమ్మ దూరి, పిల్లలకు అడ్డంగా వెనక్కి తిరిగి, వీపు విదిలించింది.

జగ్గప్ప అరుపుకు వాన చప్పుడు వినపడలేదు.

"అయ్యో జగ్గప్పా! ముళ్లు కావాలంటే అడగొద్దటరా? ఏరుకునే ఖర్మ నీకేంటి, ఊరికే ఇచ్చేదాన్నిగా!"

తేలు కుట్టిన దొంగలా గుక్క బిగబట్టి ఇల్లు చేరాడు జగ్గప్ప. ఇల్లేదీ? గోడ కూలి ఉంది. ఇప్పపువ్వు వాసనకు దిగిన ఎలుగుబంటి తీరిగ్గా కూర్చుని మట్టి నాకుతోంది. పెళ్లాం నీలాలు బయట తడుస్తోంది.

"ఏమే, ఏం పెట్టి మెత్తావే గోడ?"

"మంచి గుగ్గిలమేనండీ! పెద్దబండ మీంచి నా చేత్తో తెచ్చా. ముల్లు చూసుకునే తెచ్చా!"

జగ్గప్ప తన మూతిలో దిగిన ముళ్లు తడుముకున్నాడు.

ఇక్కడ పిల్లల బొరియ దగ్గర ఇంకో గోల. అందరూ చేరారు. ముందు నోరు చేసుకున్నది మేస్త్రి. "తప్పంతా పోలమ్మత్తదే! ముల్లు ఆమెది. ఆమె ముళ్లు అడవంతా రాల్చుకుంటే మేమేం చేస్తాం?" అవునవునన్నారు తల్లులు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడటమంటే ఇదే.

పోలమ్మ మండిపడింది. "నా ఒంటి ముల్లు రాలుతుందిరా, రాలింది ఎవడైనా ఏరుకుంటాడు. గడ్డ విరిచి నీళ్లలో వెయ్యమని చెప్పింది అందుకే. బండ మీద మీకోసం పొట్లం పెట్టాను గానీ మీ బదులు కళ్లు కూడా పెట్టాలా? ఒరే బుడ్డన్నా, ముక్క నానేదాకా కూర్చోవడానికి తీరిక లేదన్నావటగా. ఇంక కూర్చో. కూర్చుని నీ కొడుకు చెవి చూస్తూ ఉండు."

బుడ్డన్న చెవులు వాలిపోయాయి.

ఊరికే వచ్చింది పుచ్చుకోవడం తప్పు కాదు, ఊరికే నమ్మడం తప్పు.

ఇదంతా అడవి గొడవేనని నవ్వుతున్నావు కదూ? ఎవరో పుణ్యానికి పెట్టారని, పేరూ గుర్తూ చూసి, నిన్న నీ కంప్యూటర్ ప్రోగ్రాములోకి ఇంటర్నెట్ నుంచి ఒక కోడ్ ప్యాకేజీ దింపుకున్నావే, దాన్ని విరిచి చూశావా?