గురమ్మ ఒడిలో రాజుగారి ఇసక

సముద్రం ఒడ్డున ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని గజకేసరి మహారాజుగారు ఏలేవారు. ఆయనకి తనంటే తనకే మహా ముచ్చట. పొద్దున్నే ఎవరో ఒకరు పొగిడితేగానీ పలహారం ముందు కూర్చునేవారు కాదు.

ఆయనకి సాయంత్రాలు రథమెక్కి ఇసకలో షికారు చెయ్యాలని కోరిక పుట్టింది. కోట కింద ఒడ్డేమో సన్నంగా ఉంది. సరే, ఒడ్డు నుంచి సముద్రంలోకి పొడుగ్గా ఒక రాతికట్ట కట్టించారు. ఏడాది తిరిగేసరికి కట్టకి దక్షిణంగా, అంటే రాజుగారి వైపు, ఇసక మేటవేసి పెద్ద మైదానమైంది.

"చూశారా! సముద్రుడంతటివాడు మాకు కప్పం కడుతున్నాడు" అని రాజుగారు మీసం దువ్వుకున్నారు. సభంతా చప్పట్లు కొట్టింది. కొట్టక ఏం చేస్తారు, జీతాలిచ్చేది అందుకేగా!

కట్టకి ఉత్తరంగా పాలరేవు అని ఒక బెస్తపల్లె. అక్కడ మాత్రం రోజురోజుకీ ఒడ్డు కోసుకుపోయింది. పడవలు లాగిపెట్టుకునే చోటు పోయింది. ముందు వరస గుడిసెలు పోయాయి. పల్లెవాళ్ళు వచ్చి మొరపెట్టుకుంటే, "ఏ పాపం చేశారో ఏమో, గంగమ్మకి కోపమొచ్చింది. మేమేం చేస్తాం?" అన్నారు రాజుగారు.

ఒకనాడు భటులు గురమ్మ అనే పాలరేవు మనిషిని సభలోకి ఈడ్చుకొచ్చారు. ఆవిడ చీరచెంగు ఒడిగట్టుకుని ఉంది. ఒడినిండా ఇసక.

"ప్రభూ, తమరి తీరంలో ఇసక దొంగిలిస్తూ దొరికింది."

"ఇసకెందుకే నీకు?" అని గద్దించారు రాజుగారు.

"నా గుంటడి దిబ్బ మీద పోసుకోడానికి బాబూ" అంది గురమ్మ. "నా కడుపున పుట్టినోడు, నిరుడు జ్వరంతో పోయినాడు. ఒడ్డునే పాతిపెట్టినాం. గాలికి దిబ్బ చదునైపోతాది. అందుకని ప్రతి పున్నానికీ తల్లి అలకాడి ఇసక ఒడినిండా తెచ్చి పొయ్యాల, అది మా ఆనవాయితీ. ఇప్పుడు మా రేవులో ఇసకే నేదు, అంతా బంకమట్టి. అల దిబ్బ దాకా వచ్చీసింది బాబూ."

ఎవరికైనా కడుపు తరుక్కుపోదూ? రాజుగారికి మాత్రం కోపమొచ్చింది. "కప్పంగా వచ్చిన సొత్తు ముట్టుకుంటుందా! రేపు పొలిమేర దాటించండి" అన్నారు.

అప్పుడు సారంగయ్య లేచాడు. రాజుగారిని నవ్వించడమే అతని కొలువు. ఆ వేళ మాత్రం అతని ముఖంలో నవ్వు లేదు.

"ప్రభూ, ఈవిడది ఒడెడు దొంగతనం. ఇంతకన్నా గజదొంగ ఒకడున్నాడు. ముందు వాడి సంగతి తేల్చండి. పక్కూరికి పోయే బాటసారులకి దారికడ్డంగా కాలు చాపుతాడు. వాళ్ళు ముందుకి పోలేక వాడి వాకిట్లోనే పడి ఉంటే, 'వీళ్ళంతా నా కొలువుకొచ్చారు' అని మురిసిపోతాడు. వాడికేం శిక్ష?"

"ఆ కాలు విరగ్గొట్టించు! ఇది మా ఆజ్ఞ" అని రాజుగారు చెయ్యెత్తారు.

"చిత్తం. రేపు తీరానికి దయచేస్తే వాణ్ణి చూపిస్తాను."

మర్నాడు తీరంలో రాజుగారికి గొడుగు వేసి ఆసనం వేశారు. గురమ్మని కూడా తెచ్చి నిలబెట్టారు. సారంగయ్య కట్టకి కొంచెం దక్షిణంగా, నీటి అంచున, గంపెడు నలగ్గొట్టిన ఇటుకముక్కలు కుమ్మరించాడు.

అల ఆగ్నేయం నుంచి ఏటవాలుగా వచ్చి ఆ ఎర్రటి ముక్కల్ని ఒడ్డుమీదికి ఓరగా తోసింది. వెనక్కి పోయేటప్పుడు మాత్రం తిన్నగా కిందికి లాక్కుపోయింది. మళ్ళీ ఓరగా తోసింది, మళ్ళీ తిన్నగా లాగింది. అల అలకీ ముక్కలు జానెడు జానెడు ఉత్తరానికి జరిగాయి.

రాజుగారికి తమాషాగా ఉంది. "ఎక్కడికిరా వీటి ప్రయాణం?"

"పాలరేవుకి ప్రభూ. మీ తాతలనాటి నుంచీ ఇసకది ఇదే దారి. కింది ఊరి నుంచి వస్తుంది, పైఊరికి పోతుంది. పాత ఇసక పోతుంటే కొత్త ఇసక వచ్చి చేరుతుంది. అందుకే ఏ ఒడ్డూ తరగలేదు."

పొద్దెక్కేసరికి ఎర్రముక్కలన్నీ రాతికట్ట దగ్గరికి చేరి, అక్కడే కుప్పపడ్డాయి.

"ఇదిగో ప్రభూ, నేను చెప్పిన కాలు" అన్నాడు సారంగయ్య.

సభికులు ఒకడుగు వెనక్కి వేశారు. రాజుగారు కట్ట వైపు చూశారు, కుప్ప వైపు చూశారు, పగలబడి నవ్వారు. "ఓరి నీ అసాధ్యం కూలా! మాచేతే మాకు శిక్ష వేయించావురా!" అని మెడలో ముత్యాలహారం తీసి అతని మెళ్ళో వేశారు. గురమ్మని వదిలేశారు. కట్ట తీసెయ్యమన్నారు.

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బావుండేది!

జ్యోతిష్కుడు పంచాంగం విప్పి, "ప్రభూ, మూఢం మొదలైంది. తమరి చేతిమీదుగా జరిగే పని, ముహూర్తం లేకుండా ఎలా?" అన్నాడు. నిజమేనన్నారు రాజుగారు. మూఢం వెళ్ళాక మేళతాళాలతో మొదటి రాయి తామే తీయిస్తామన్నారు.

సారంగయ్య కాళ్ళమీద పడ్డాడు. "ప్రభూ, మూఢం మనకేగానీ అలకి లేదు. ఆ తల్లి బిడ్డ దిబ్బ ఈలోగా పోతుంది."

"అలకి మూఢం లేదట! విన్నారా? ఎంత చమత్కారం!" అని రాజుగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, అతనికి పట్టుశాలువా కప్పించారు. ఆ శాలువా మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూఢం వెళ్ళింది. డోళ్ళు మోగాయి. కట్ట రాళ్ళు ఒక్కొక్కటీ తీశారు. ఇసక మళ్ళీ నడక సాగించింది. కొన్నాళ్ళకి పాలరేవు ఒడ్డు తెల్లగా నిండింది, పడవలు ఇసకెక్కాయి, పల్లె నిలబడింది. అది చూసుకోడానికి రాజుగారు సారంగయ్యని వెంటబెట్టుకుని రథంమీద వచ్చారు. జనం జేజేలు కొట్టారు.

గురమ్మ మాత్రం ఒడినిండా ఇసకతో ఒడ్డంతా తిరుగుతోంది. ఎక్కడ పొయ్యాలో తెలియడం లేదు. దిబ్బ మూఢంలోనే పోయింది. ఇప్పుడున్నదంతా కొత్త ఇసక, ఆనవాలు లేని ఇసక. ఆవిడ రథం దగ్గరికి వచ్చి సారంగయ్యని అడిగింది.

"బాబూ, ఇసకంతా ఉత్తరానికే నడుస్తాదని నువ్వే కదా చెప్పినావు."

"అవునమ్మా."

"మరి నా గుంటడు ఈపాటికి ఏ ఊరు దాటుంటాడు? ఇప్పుడు బయలెల్తే అందుకుంటానా?"

రాజుగారు కుతూహలంగా ముందుకి వంగారు. "ఏమందిరా? ఊఁ, ఏదీ, నీ జవాబు చెప్పు!" అన్నారు, నవ్వడానికి సిద్ధమై.

సారంగయ్య రథం దిగి, గురమ్మతోపాటు ఉత్తరంగా నడిచాడు.