శ్మశానమున చాటింపు

సకలప్రాణులకు ఊపిరిపోసిన జగజ్జననికి మ్రొక్కి, చాటింపు వేయు ఓబిలేశు కథ చెప్పుచున్నాను.

ఉగ్రసింహ మహారాజు పొరుగునున్న కుందవరమును జయింపగోరి, దాని బావులన్నింట కలుపుటకు ఘోరమైన విషచూర్ణము చేయించెను. విజయము చాటుటకు సిద్ధముగా ఉండుమని ఓబిలేశును ఆజ్ఞాపించెను. ఓబిలేశు తన కూతురు సుంకులును ఇచ్చినది ఆ కుందవరమునకే.

మరునాటి ఉదయము రాజుగారి ఊరి శ్మశానమున డప్పు మ్రోగెను. "కుందవరం జనులారా, నేటినుంచి మీ ఏలిక ఉగ్రసింహ ప్రభువు." భటులు వలదన్నను ఓబిలేశు మానలేదు. చివరకు రాజే వచ్చెను.

"బూడిదకుప్పలకు చాటుతున్నావేమిరా?"

"అలవాటు చేసుకుంటున్నాను దొరా. మీ మందు పడ్డాక కుందవరమూ ఇలాగే ఉంటుంది గదా."

"చాలు, ఆపు."

"ఎట్లా ఆపేది దొరా? జనం 'విన్నాం' అనేదాకా డప్పు దించకూడదని మీ తాతగారు పెట్టిన కట్టడి. ఇక్కడ ఒక్కరూ అనడం లేదు. తమరూ కాస్త నిలబడండి, ఎవరైనా పలుకుతారేమో."

రాజు నిలిచెను. డప్పు మరల మ్రోగెను. అతని పేరు చితులమీదుగా సాగి, ఏ నోటను పలుకక అణగిపోయెను.

"పలికేవాడే లేనిచోట నేనెవరికి రాజునురా?" అని రాజు మెల్లగా అనెను.

చూర్ణమును పాతిపెట్టించి, అట్టిదానిని ఇకపై ఎవ్వరును చేయరాదని కుందవరముతో ఒడంబడిక చేసికొనెను. ఆ మాట అక్కడ చాటినవాడు ఓబిలేశే. అందరికంటె ముందు "విన్నాం నాయనా" అని పలికినది సుంకులు.

ఈ కథ విన్నవారి బావులు తియ్యని నీట నిండుగాక. వారి పిలుపునకు బదులు పలికేవారు ఎల్లప్పుడును ఉందురుగాక.